ఎవరూ ముట్టని కంప్యూటర్

కూర్చోమని శైలశ్రీ రెండుసార్లు చెప్పినా క్రిస్టీనా కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, కింద బజారులోకి చూస్తూ ఉంది.

"సాయంత్రం దాక టైమిచ్చిండక్కా," అంది. "అంతల్ల ప్రాసెసర్ తెచ్చియ్యకపోతే పోలీస్ స్టేషన్‌కు పోతడట. నేను తియ్యనిది యాడికెళ్లి తెచ్చియ్యాలె?"

"ఎవరు పోతడు? ఏం ప్రాసెసర్? మొదటి నుంచి చెప్పు. ముందు నీళ్లు తాగు."

తోమా కుండలో నీళ్లు ముంచి ఆ అమ్మాయికి ఇచ్చాడు. ఇస్తూ ముఖం చూశాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరై, ఇప్పుడు శైలశ్రీకి పనిలో సాయంగా ఉంటున్న మనిషి. జహీరాబాద్ బస్సులోనూ బీదర్ బస్సులోనూ నిలబడి, టికెట్ కొనని ముఖం ఎలా ఉంటుందో నేర్చుకున్నాడు. ఆ ముఖం ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూస్తుంది. క్రిస్టీనా కూడా బయటికే చూస్తోంది గానీ, అది తప్పించుకునే చూపు కాదు. ఎవరైనా తనను చూస్తున్నారా అని వెతికే చూపు. పరువు పోయినవాళ్ల చూపు.

శైలశ్రీ ఈ ఊరిదే. హైదరాబాదులో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి దొంగ క్లెయిములు పట్టించే ఉద్యోగం చేసి, విసుగుపుట్టి తిరిగొచ్చి, డిపో ఎదురుగా ఎరువుల దుకాణం పైగదిలో "ప్రైవేట్ పరిశోధన" అని బోర్డు పెట్టింది. మొదట్లో ఊరు నవ్వింది. తప్పిపోయిన బర్రెలను దేవులాడుతుందని చాయ్ హోటల్లో అన్నారు. నవ్వినవాళ్లే ఇప్పుడు మెట్లెక్కి వస్తున్నారు. ఆ మెట్ల చప్పుడు విన్నప్పుడల్లా తోమా ఛాతీ కొంచెం పొంగుతుంది. సొంత గొప్ప మనిషిని ఎప్పుడూ కాపలా కాయమంటుంది, ఇంకొకరి గొప్పకు కాపలా అక్కర్లేదు. ఒంటరిగా బతికే తన వయసులో ఇలాంటి తేలికైన గర్వం దొరకడం అదృష్టమని అతను అనుకుంటాడు.

క్రిస్టీనా చివరికి కూర్చుంది. మనూర్ ఊరి పిల్ల. పాలిటెక్నిక్ చదివి, బజారులో కాశప్ప ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తోంది. వేసవిలో కాశప్ప ఒక పెద్ద కంప్యూటర్ పెట్టించాడు. సామాన్లు హైదరాబాదు నుంచి వచ్చాయి. బిగించింది క్రిస్టీనాయే.

"బీదర్ దాక గసొంటి మిషిన్ లేదక్కా. ఒక్కొక్క స్క్రూ నా చేత్తోని బిగిచ్చిన. నా చెయ్యి పడ్డ మిషిన్ ఆగదు." ఆ మాట అంటున్నప్పుడు భయం ఒక్క క్షణం పక్కకు జరిగి, దాని వెనక ఉన్న అసలు మనిషి కనిపించింది. "నేను దసరాకు ముందల మా అక్క కానుపని జహీరాబాద్ దవాఖానకు పోయిన. ఇప్పుడొస్తే సేటు దుకాణంలకే రానియ్యలె. మిషిన్ సగం పనిల బందైతుందట. నేనే మంచి ప్రాసెసర్ తీసుకొని, అదే పేరుది ఖరాబైంది పెట్టిపోయిన్నట. బజార్ల అందరు ఇనేటట్టు దొంగ అన్నడు."

"పోయేముందు డబ్బా విప్పినవా?"

"విప్పిన. దుమ్ము కొట్టిన, ఫ్యాన్ కింద వేడి లాగే పేస్టు మార్చిన. నాతోని పనిచేసే ధర్మేందర్ చూసిండు. గదే ఇప్పుడు మెడకు సుట్టుకున్నది."

"సగం పనిల బందైతది అంటే నీకేం అనిపిస్తుంది?"

క్రిస్టీనా ఆలోచించింది. "పగ్గం పోతే గట్లయితది. కని పగ్గం ఎట్ల పోతది?"

"ఏం పగ్గం? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

"ప్రాసెసర్ చేసినోళ్లు, ఇది ఇంత కరెంటే తాగాలె అని ఒక హద్దు పెడ్తరక్కా. గీ బోర్డు చేసినోళ్లేమో, మా బోర్డు మీద అందరికంటే జోరుగ ఉరుకుతది అని చెప్పుకోవాలె గద, ఆ హద్దు ఇడిచిపెట్టి పంపుతరు. కొత్త బోర్డు డబ్బా విప్పితే అట్లనే వస్తది. కొన్ని దినాలు మస్తు ఉరుకుతది. ఇగ పెద్ద పని పడంగనే తట్టుకోక బందైతది. నేను మొదటి దినమే బోర్డు సెట్టింగులల్లకు పోయి హద్దు కట్టిన."

"బస్సుకు స్పీడ్ లాక్ వేసినట్టా?" అన్నాడు తోమా.

"గట్లనే కాకా. ఇంజన్‌కు తాకత్ ఉన్నా డిపోవాళ్లు పోనియ్యరు చూడు, గట్ల."

"ఆ హద్దు యాడ ఉంటది?" శైలశ్రీ అడిగింది.

"బోర్డులనే. మిషిన్ బందువెట్టినా, కరెంటు పోయినా పోదు. లోపల చిన్న సెల్ ఉంటది, అది యాది పెట్టుకుంటది. ఎవరన్నా సెట్టింగులల్లకు పోయి మార్చాల్నె. ధర్మేందర్‌కు ఆ స్క్రీన్ తెరవనీకే రాదు. సేటయితే కంప్యూటర్ ఆన్ చెయ్యనీకే నన్ను పిలుస్తడు."

శైలశ్రీ లేచి చెప్పులు వేసుకుంది. "నువ్వు స్టూడియో దిక్కు రాకు. ఆ మిషిన్‌ను నయం చెయ్యాల్సొస్తే ఏమేం కావాలో అవి సిద్ధం చేసుకో."

"చూడకుండనే నన్ను నమ్ముతున్నవా అక్కా?"

"ఇంక నమ్మలె. దొంగతనం చేసినోళ్లు తమ పనిని ఇంత గొప్పగ చెప్పుకోరు. ఇప్పటికి అంతే."

*

కాశప్ప స్టూడియో ముందుభాగం దుకాణం, వెనకభాగం ఇల్లు. గోడ నిండా ఫ్రేములు. అన్నీ ఆయుధపూజ ఫొటోలే, ఏడాదికొకటి. నలుపు తెలుపులో మొదలై రంగుల్లోకి వచ్చాయి. మొదటివాటిలో కాశప్ప తండ్రి, మూడుకాళ్ల స్టాండు కెమెరా. తర్వాత కాశప్ప, అతని నుదుట విభూతి, కెమెరాల వరుస. ఊళ్లో ఎవరింట్లోనూ ఇంత క్రమంగా దాచిపెట్టుకున్న చరిత్ర లేదని తోమాకు అనిపించింది.

"మా నాయన పెట్టిన దుకాణం," అన్నాడు కాశప్ప. నిటారుగా నిలబడే మనిషి. ఎదుటివాడు ఫొటో తీస్తున్నట్టే ఎప్పుడూ నిలబడతాడు. "ఇప్పటిదాక ఒక్క బల్బు పోలే మా దాంట్ల. ఆ పిల్లను మా అమ్మ కూతురు లెక్క చూసుకున్నది. తినేటప్పుడు పిలిచి పక్కకు కూసోవెట్టుకుంటుండె. గట్లాంటిది ఇట్ల చేసె."

"చేసిందని ఎవరు చెప్పిండ్రు?"

"మెకానిక్ వచ్చిండు జహీరాబాద్‌కెళ్లి. సాఫ్ట్‌వేర్ అంత కొత్తగ ఎక్కిచ్చిండు. మెమరీ మార్చి చూసిండు. బోర్డు సెట్టింగులు సుత చూసిండు, అన్ని ఫ్యాక్టరీల నుంచి వచ్చినప్పుడు ఎట్లున్నయో గట్లనే ఉన్నయి, ఎవ్వరు చెడగొట్టలే అన్నడు. ఇగ మిగిలింది ప్రాసెసరే. అదే ఖరాబ్ అన్నడు. మొన్న వేసవిల కొన్నది ఇయాల ఖరాబైతదా? మార్చిండ్రన్నట్టే గద."

"ఫ్యాక్టరీల ఉన్నట్టే ఉన్నయన్నడా? సరిగ్గ అదే మాటనా?"

"అదే మాట."

శైలశ్రీ తల ఊపి కంప్యూటర్ ముందున్న కుర్చీ వైపు తిరిగింది. అందులో ధర్మేందర్ ఉన్నాడు. పాతికేళ్ల వాడు, చేతికి వెండి కడియం. పక్కనే క్రిస్టీనా పాత కుర్చీ ఖాళీగా, దాని మీద కెమెరా సంచి.

"ముందు ఎట్ల నడిచింది, మల్ల ఎట్లయింది? చెప్పు తమ్మీ."

"పండుగైనంక ఒక రెండు మూడు దినాలు చూడాల్సిండె మేడం. ఇమానంగ చెప్తున్న! క్రిస్టీనా కూసున్నప్పుడు చాయ్ తాగొచ్చేదాక అయ్యే పని, నేను కూసుంటే చాయ్ సల్లారకముందే అయింది. చేతుల ఉంటది మేడం." కడియం సవరించుకున్నాడు. "ఫ్యాన్ మాత్రం పిండిగిర్ని లెక్క మోగింది. ఆనంక బందయ్యుడు సురువైంది. సగం దాక వస్తది, స్క్రీన్ నీలంగైతది, ఖతం."

"పెట్టింది ఖరాబైన ప్రాసెసర్ అయితే, జోరుగ ఎట్ల నడిచింది?"

ధర్మేందర్ చెయ్యి కడియం మీది నుంచి జారింది. తోమా ఆ ముఖాన్ని జాగ్రత్తగా చూశాడు. తడబాటు ఉంది, కానీ దొరికిపోయిన తడబాటు కాదది. తన గొప్పలోంచి ఒక ఇటుక ఎవరో లాగేసినప్పటి తడబాటు.

"ఇంకొకటి చూడుండ్రి," అన్నాడు కాశప్ప. స్క్రీన్ మీద ఒక వీడియో ఫైలు చూపించాడు. "గీ పెండ్లి అయింది దసరాకు జర ముందు. దీని తారీఖు చూడు. కొన్నేండ్ల ఎన్కకున్నది. గా తారీఖుకు పెండ్లిపిల్ల ఇంక బడికి పోతుండె. తారీఖులు దిద్దుడు దొంగల పని కాదా?"

"ఈ ఫైలు చేసిందెవరు?"

"నేనే," అన్నాడు ధర్మేందర్. "పండుగ తెల్లారి. గడియారం తప్పింది మేడం. మల్ల నేనే సరి చేసిన."

"అప్పుడు క్రిస్టీనా?"

"దవాఖానలనే ఉండె."

"గడియారం ఇంటర్నెట్ నుంచి తనే సరి చేసుకోవాలె గద?"

"ఈ మిషిన్‌కు నెట్ పెట్టం," కాశప్ప గొంతు పెరిగింది. "ఆడివిల్లల పెండ్లి వీడియోలమ్మా. బయటికి పోతే ఇజ్జత్ యాడుంటది? నమ్మి ఇస్తరు మాకు."

"మంచి పని. ఇప్పుడు జర యాది చేసుకొని చెప్పు కాశప్పన్నా. క్రిస్టీనా పోయినప్పటి నుంచి మిషిన్ బందయ్యుడు సురువయ్యేదాక ఈ డబ్బాను ఎవరు ముట్టిండ్రు?"

"ఎవ్వరు ముట్టలే."

"నేను ముట్టలే," అన్నాడు ధర్మేందర్. "నాకెందుకు మేడం, లోపల చెయ్యివెడితే షాక్ కొడ్తది."

"పండుగ నాడు?"

"దుకాణమే బందు. పూజ చేసుకున్నం. అంతే," అన్నాడు కాశప్ప.

వెనక గుమ్మంలో కూర్చుని కందిపప్పు ఏరుతున్న ముసలామె తలెత్తింది. కాశప్ప తల్లి కల్లమ్మ. శైలశ్రీ ఆమె దగ్గరికెళ్లి నేల మీద కూర్చుంది.

"ఊట ఆయ్తా, అవ్వా?"

"ఆయ్తు, ఆయ్తు." భోజనమైందా అని ఇంటి భాష కన్నడంలో అడగగానే కల్లమ్మ ముఖం విచ్చుకుంది. "నువ్వు శరణప్ప బిడ్డవు గద. నువ్వన్న చెప్పు వీనికి. ఆ పిల్ల దొంగ కాదు. నేను చెప్తే ఇనడు."

"పూజ బాగ చేస్తరంట మీ ఇంట్ల. ఫొటోలు చూస్తున్న."

"మా ఆయన పెట్టిన పద్ధతమ్మా. ఏడాదంత పని చేసిన కెమెరాలకు ఆ ఒక్క దినం నిద్ర ఉండాలె. అందుకని వాటి పానం తీసి పళ్లెంల పెట్టి దేవుని ముంగట పెడ్తం. తెల్లారి మల్ల పానం పోస్తం. గీ బజార్ల ఇంకెవ్వరు గట్ల చెయ్యరు. మేమే చేస్తం." ఆ "మేమే" అన్న మాటలో అరవై ఏళ్ల కాపురం ఉంది.

శైలశ్రీ ఈ ఏటి ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. తోమా కూడా చూశాడు. బంతిపూల మధ్య కెమెరాలు, ఫ్లాష్ లైట్లు, వాటి వెనక విభూతి రేఖలు పెట్టిన కంప్యూటర్ డబ్బా. ప్లగ్గులన్నీ ఊడదీసి వైర్లను చుట్టలు చుట్టి పెట్టారు. ఇత్తడి పళ్లెంలో కెమెరా బ్యాటరీలు, పెన్సిల్ సెల్లులు పువ్వులాగా గుండ్రంగా పేర్చి ఉన్నాయి. నడుమ ఒక రూపాయి బిళ్ల మెరుస్తోంది. కాశప్ప ఎంత శ్రద్ధగా తీశాడో ఫొటో.

"అవ్వా, ఆ పళ్లెంల దక్షిణ పెడ్తరా?"

"రామ రామ! దేవుని పళ్లెంల పైసలు పెడ్తరా బిడ్డా? పువ్వు, పత్రి, విభూతి. దక్షిణ పూజ చేసే జంగమయ్య చేతికే."

శైలశ్రీ తోమాకు సైగ చేసి బయటికి నడిచింది.

*

చాయ్ హోటల్లో తోమా గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయాడు. గోడ అవతల ఎవరో క్రిస్టీనా పేరెత్తి నవ్వుతున్నారు.

"నాకు ధర్మేందర్ మీద అనుమానముండె శైలమ్మా. పక్క కుర్చీ ఖాళీ అయితే వాడే పెద్ద అయితడు. కని మొఖం చూస్తే గట్ల లేదు. ముగ్గురి మొఖాలు చూసిన. ముగ్గురు టికెట్ కొన్నోళ్ల లెక్కనే ఉన్నరు. నా కండ్లకు చత్వారమొచ్చిందో ఏమో."

"నీ కండ్లు బాగనే ఉన్నయి తోమన్నా. ముగ్గురు నిజమే చెప్పిండ్రు."

"మరి దొంగ?"

"దొంగ లేడు. చేసిన చెయ్యి ఉన్నది. ఆ చెయ్యికి తను చేసింది తెల్వదు." ఆమె చాయ్ పూర్తి చేసింది. "మనిషి చేసిందంత యాది పెట్టుకోడు. పని అనుకున్నదే యాది పెట్టుకుంటడు. ఎవరు ముట్టిండ్రు అని అడిగితే, ముట్టుడు కిందికి వచ్చే పనులనే దేవులాడుకుంటడు. నువ్వు పొద్దుగాల ఎవరి కాళ్లకన్న మొక్కినవనుకో. ఇయాల ఎవరినన్న ముట్టినవా అని నేనడిగితే, లేదంటవు."

తోమా ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. రోజూ చర్చిలో మోకాళ్ల మీద కూర్చుంటాడు. నేల మీద కూర్చున్నావా అని ఎవరైనా అడిగితే లేదనే అంటాడు. పళ్లెం, బంతిపూలు, నడుమ మెరిసిన బిళ్ల ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఇయాలనే చెప్పాలె," అన్నాడు. "నేను పోయి పిల్లను తీసుకొస్తా."

*

సాయంత్రానికి అందరూ స్టూడియో ఫొటో గదిలో చేరారు. వెనక పరదా మీద రంగుల కొండలు, పొగమంచు. కాశప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కల్లమ్మకు స్టూలు వేశారు. ధర్మేందర్ కంప్యూటర్‌ను ఈ గదిలోకి తెచ్చి పెట్టి, దాని ముందు కూర్చున్నాడు. క్రిస్టీనా తోమా పక్కన నిలబడింది, పిడికిలిలో పెన్ డ్రైవ్.

ముందు అరుగు మీద బోరంచ ఊరి పెళ్లివారు కూర్చున్నారు. వీడియో కోసం మూడోసారి వచ్చారట. వాళ్లతోపాటు చాయ్ హోటల్ జనం కూడా కొందరు చేరారు.

"కాశప్పన్నా," శైలశ్రీ మొదలుపెట్టింది, "ప్రాసెసర్ ఎవ్వరు మార్చలే. పండుగ తెల్లారి మిషిన్ ఇదివరకటికంటే జోరుగ ఉరికిందని ధర్మేందర్ చెప్పిండు. ఖరాబైంది పెడితే మొదటి దినం నుంచే కుంటాలె. ఇదేమో ముందు ఉరికింది, మల్ల పడ్డది. పగ్గం తెగిన ఎద్దు గట్ల చేస్తది, ముసలి ఎద్దు చెయ్యదు."

ధర్మేందర్ తలవంచుకున్నాడు.

"ఈ పిల్ల మొదటి దినమే హద్దు కట్టిన అని చెప్పింది. మెకానిక్ వచ్చి, సెట్టింగులు ఫ్యాక్టరీల ఉన్నట్టే ఉన్నయి అన్నడు. మంచి మాట అనుకొని మీరు ఇడిచిపెట్టిండ్రు. మంచి మాట కాదది. ఈ పిల్ల కట్టిన హద్దు పోయిందన్న మాట."

"కట్టనే లేదేమో," అన్నాడు కాశప్ప.

"కట్టకపోతే వేసవి నుంచే పడుతుండె. నాలుగు నెలలు నడిచింది. ఇగ గడియారం. కొన్నేండ్ల ఎన్కకు పోయింది. హద్దు పోయిన్నాడే తారీఖు పోయింది. రెంటిని యాది పెట్టుకునేది ఒక్కటే. క్రిస్టీనా, ఏంది అది?"

"సెల్," అంది క్రిస్టీనా. ఆమె గొంతు మారింది. "బోర్డు మీది సెల్. ప్లగ్గు తీసి సెల్ తీస్తే అంత మరిచిపోతది. మల్ల పెట్టినా, కొత్తగ పుట్టినట్టే ఉంటది. కని దాన్ని ఎవరు తీస్తరక్కా?"

శైలశ్రీ గోడ మీది ఈ ఏటి ఫ్రేమును దించి కాశప్ప చేతికిచ్చింది. "ఇంత మంచి ఫొటో తీసింది నువ్వే. పళ్లెం నడుమ ఏమున్నది?"

కాశప్ప ఫొటోను వెలుగు వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"మీ ఇంట్ల దేవుని పళ్లెంల పైసలు పెట్టరని అవ్వ చెప్పింది. అది రూపాయి కాదు."

"పూజకని..." కాశప్ప ఫ్రేమును కిందికి దించాడు. "పూజకని... నేనే తీసిన. తెల్లారి నేనే పెట్టిన. అన్నిటి పానం తీసి, పెద్ద మిషిన్‌ది తియ్యకపోతే నాయన ఒప్పుకుంటడా అనిపించింది." తలెత్తి క్రిస్టీనా వైపు చూశాడు. "బిగిచ్చిన నాడు నువ్వే చూపెట్టినవు. దీని పానం ఈడున్నది సేటు, అన్నవు."

క్రిస్టీనా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ రోజు తను ఎంత మురిసిపోయి ఆ మాట అన్నదో గుర్తొచ్చి ఉండాలి.

"ఎవ్వరు ముట్టలే అన్నప్పుడు నేను అబద్ధమాడలే," అన్నాడు కాశప్ప, ఎవరితోనో కాదు, తనలోపలి మనిషితో.

"ఆడలే," అంది శైలశ్రీ. "పూజ చేసిన చెయ్యిని నువ్వు లెక్కల పెట్టుకోలే. అందుకనే ఇంకొకరి చెయ్యిని దేవులాడినవు."

కాశప్ప ముఖంలో ఏదో కూలి, ఏదో ఇంకా పట్టుకుని నిలబడటం తోమా చూశాడు. కూలిపోతున్నది మంచిదే, నిలబడుతున్నదే ప్రమాదం అనుకున్నాడు. అనుకున్నట్టే అయింది.

"ఇదంత మాట," అన్నాడు కాశప్ప. "సెల్ తీసిన, సరే. దానితోనే ఖరాబైందని రుజువేంది? మిషిన్ ఇప్పుడు నడిస్తే ఒప్పుకుంట. నడవకపోతే నేను స్టేషన్‌కు పోయేది పోయేదే."

శైలశ్రీ క్రిస్టీనా వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. క్రిస్టీనా పిడికిలి విప్పి పెన్ డ్రైవ్ చూపించింది.

"చెయ్యగలను. కని ఒక మాట ముందే చెప్తున్న. ఇన్ని దినాలు పగ్గం లేకుంట ఉరికింది. ఎక్కువ కరెంటు తాగితే లోపల దెబ్బ తింటది. ఆ దెబ్బ ఎంతో నాకు తెల్వదు. మల్ల హద్దు కట్టినా నిలవడకపోవచ్చు." ఒక్క క్షణం ఆగింది. "అయినా చేస్తా. లే ధర్మేందర్."

ధర్మేందర్ లేచాడు. "కూసో తల్లీ. ఈ మిషిన్ నీదే."

ఆమె కూర్చుంది. చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగానే ఒక మీట నొక్కి పట్టుకుంటే, మామూలు స్క్రీన్ బదులు గడులు గడులుగా ఇంకో స్క్రీన్ వచ్చింది. పొద్దున శైలశ్రీ సిద్ధం చేసుకోమన్నాక ఊళ్లో నెట్ సెంటరుకు వెళ్లి పెన్ డ్రైవ్‌లో దించుకొచ్చిన, బోర్డును నడిపించే కొత్త ఫర్మ్‌వేర్‌ను ముందు ఎక్కించింది. "బోర్డువాళ్లే తప్పు తెలుసుకొని పంపిండ్రు," అంది. "ఇది ఎక్కేటప్పుడు కరెంటు పోవద్దు. ఎవరన్న ఇన్వర్టర్ చూడుండ్రి." కాశప్పే వెళ్లి చూశాడు. తర్వాత ఆమె ఒక్కో గడిలోకి వెళ్లి, చేసినవాళ్లు చెప్పిన హద్దును కట్టింది, బోర్డు తన ఇష్టానికి పెంచుకునే దాన్ని బందు చేసింది. ఒక్కసారీ తడుముకోలేదు. తోమా ఆ వేళ్లనే చూస్తున్నాడు. పొద్దున చున్నీ కొసను నలిపిన వేళ్లు ఇవేనా అనిపించింది.

బోరంచ పెళ్లి వీడియో మొత్తాన్ని పెట్టి మీట నొక్కింది. స్క్రీన్ అడుగున సన్నటి పచ్చగీత మొదలైంది.

గీత పెరుగుతోంది. ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది, పిండిగిర్ని చప్పుడు లేదు. కల్లమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. గీత సగానికి చేరింది. ఎప్పుడూ ఆగేది అక్కడే. స్క్రీన్ మీద పెళ్లికూతురు తలంబ్రాలు పోస్తూ ఒక్క క్షణం కదలకుండా ఆగినట్టనిపించింది.

క్రిస్టీనా స్క్రీన్ వైపు చూడటం లేదు. డబ్బా మీద అరచెయ్యి ఆనించి, తలవంచి, దాని వేడిని వింటోంది.

"పోతది," అంది చిన్నగా. "పోతది, పోతది."

గీత సగం దాటింది. ముప్పావు దాటింది. చివరికి చేరి, టింగుమని మోగింది.

కల్లమ్మ లేచి, క్రిస్టీనా తల మీద చెయ్యి వేసింది. ఆమె అన్నది కన్నడమో తెలుగో తోమాకు సరిగ్గా వినబడలేదు, ఆ అమ్మాయి భుజాలు మాత్రం కదిలాయి. శైలశ్రీ పరదాకు ఆనుకుని, రంగుల కొండల ముందు అలిసిన మనిషిలాగా నిలబడి ఉంది. ఎవరైనా ఇప్పుడు ఆమె ఫొటో తీయాలి అనుకున్నాడు తోమా. స్టూడియోలోనే ఉండి కూడా ఎవరికీ తోచలేదు.

కాశప్ప వీడియోను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ముందుగదిలోకి నడిచాడు. అందరూ వెనకే వెళ్లారు. పెళ్లివారు లేచి నిలబడ్డారు. కాశప్ప వాళ్ల చేతిలో పెన్ డ్రైవ్ పెట్టి, గొంతు సవరించుకుని, నేల వైపు చూస్తూ అన్నాడు.

"ఆలస్యమైంది. తప్పు నాది. ఈ పిల్ల దొంగ కాదు. మిషిన్ చెడగొట్టింది నేను, బాగుచేసింది ఈ పిల్ల."

పెళ్లివారికి సగమే వినబడింది. చాయ్ హోటల్ జనానికి అసలేమీ వినబడలేదు.

"సేటు," అంది క్రిస్టీనా.

కాశప్ప వెనక్కి తిరిగాడు.

"మొన్న దొంగ అన్నప్పుడు డిపో దాక ఇనవడ్డది. ఇప్పుడు నాకే ఇనవడలే. అంతే గొంతుతోని చెప్పు."

కాశప్ప దవడలు బిగిశాయి. తండ్రి పేరున్న బోర్డు తల పైన ఉంది. ఊళ్లో ఎవరి ముందూ తల వంచని మనిషి. తోమా అతని ముఖాన్ని చదవడానికి ప్రయత్నించి మానేశాడు, ఆ మాట బయటికి రావడానికి ఎంత దూరం నడవాలో అతనికొక్కడికే తెలుసు.

కాశప్ప మెట్లు దిగి నడిబజారులోకి వెళ్లాడు. నిటారుగా నిలబడ్డాడు, ఫొటో కోసం నిలబడినట్టే.

"ఓ ఇనుండ్రి!" అని అరిచాడు. "మనూర్ క్రిస్టీనా దొంగ కాదు! నేనన్నది తప్పు! తప్పు చేసింది కాశప్ప! గీ బజార్ల అంత మంచి పనిమంతురాలు ఇంకెవ్వరు లేరు!"

డిపో గేటు దగ్గర బస్సు ఎక్కబోతున్న మనిషి ఒకడు ఆగి ఇటు తిరిగి చూశాడు.

"ఇనవడ్డదా?" అన్నాడు కాశప్ప, గొంతు బొంగురుపోయి.

"ఇనవడ్డది సేటు," అంది క్రిస్టీనా. చున్నీ సరిచేసుకుని, లోపలికి వెళ్లి, తన కుర్చీ మీది కెమెరా సంచిని తీసి పక్కన పెట్టింది.